విదేశీ అధ్యయన యాత్ర: న్యూస్‌రూము నుంచి ఫ్యాక్టరీ దాకా

జర్నలిజం, కమ్యూనికేషన్, మేనేజ్‌మెంట్ విద్యార్థులు బృందంగా మరో దేశం వెళ్లి, అక్కడి స్థానిక మీడియానూ దాని చుట్టూ ఉన్న పరిశ్రమలనూ చూసి వచ్చే యాత్రల గురించి వచ్చిన ఉత్తరాలకు ఈసారి జవాబులు ఇస్తున్నాం. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపేశాం.

ప్రశ్న: ఇరవై నలుగురు విద్యార్థులతో ఎనిమిది రోజుల యాత్ర అనుకుంటున్నాం. ట్రావెల్ ఏజెంటు రోజుకు నాలుగు సందర్శనల చొప్పున పట్టిక ఇచ్చాడు. ఎన్ని ఎక్కువ చూస్తే అంత మంచిదే కదా? ఏయే చోట్లు ఎంచుకోవాలి? (ఒక అధ్యాపకురాలు)

జవాబు: ఆ పట్టిక పక్కన పెట్టేయండి. రోజుకు రెండు చాలు, పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. ఇరవై నలుగురు బస్సు దిగి, గేటు దగ్గర గుర్తింపు చూపించి, బ్యాడ్జీలు తగిలించుకుని లోపలికి చేరడానికే అరగంట పోతుంది. లోపల తిరగడానికి గంటన్నర, ప్రశ్నలకు అరగంట. మూడో సందర్శన ఇరికిస్తే కోత పడేది ఆ ప్రశ్నల అరగంటకే. విద్యార్థికి ఇంటర్నెట్‌లో దొరకనిది, అంత దూరం వెళ్తే తప్ప రానిది ఆ అరగంటే. వెళ్లే రోజు, వచ్చే రోజు తీసేస్తే మిగిలేవి ఆరు. అందులో ఒక రోజు రాసుకోవడానికి ఖాళీగా ఉంచండి. పది సందర్శనలు వస్తాయి. చాలా ఎక్కువే.

ఏ చోట్లు అన్నది ఏజెంటు చేతిలో పెట్టకండి. పేరున్న టీవీ స్టూడియో, పేరున్న కార్ల ఫ్యాక్టరీ, పేరున్న విశ్వవిద్యాలయం అని ముత్యాలు ఏరితే దండ కాదు, దారం కావాలి. ఆ దారం ఒక ప్రశ్న. మా సలహా: "ఈ ఊళ్లో వార్తకు డబ్బు ఎవరు పెడుతున్నారు?" ఒక్కో దేశంలో దీనికి జవాబు ఒక్కో రకం. జర్మనీలో పబ్లిక్ ప్రసార సంస్థల కోసం ఇంటింటి నుంచీ నెలవారీ రుసుము వసూలు చేస్తారు. 2021 ఆగస్టులో అది 18.36 యూరోలు అయింది. ఫిన్లాండ్ 2013 నుంచి దీన్ని ప్రత్యేక పన్నుగా మార్చింది. ఫ్రాన్స్ 2022లో టీవీ రుసుమునే ఎత్తేసింది. ఈ ప్రశ్న పట్టుకుని వెళ్తే, ప్రసార సంస్థ తర్వాత స్థానిక పత్రిక ప్రకటనల విభాగం చూడాలని, ఆ తర్వాత ఆ పత్రికలో ఎక్కువ ప్రకటనలు ఇచ్చే కంపెనీ చూడాలని, ఆ పైన పత్రిక అచ్చయ్యే ప్రెస్సు చూడాలని మీకే తోస్తుంది.

దేశమంతా చుట్టకండి. ఒక మధ్యతరహా నగరం, దాని చుట్టుపక్కల గంట, గంటన్నర ప్రయాణం మేర చాలు. జర్మనీలోని మైన్జ్ నమూనాగా చూడండి. ఐరోపాలో అచ్చుకు ఆద్యుడైన గూటెన్‌బర్గ్ పుట్టిన ఊరు, ఆయన పేరిట ముద్రణ మ్యూజియం ఉంది. జాతీయ పబ్లిక్ చానెల్ జెడ్‌డీఎఫ్ ప్రధాన కేంద్రం అక్కడే. ప్రత్యేక గాజు తయారుచేసే షాట్ కంపెనీ కేంద్ర కార్యాలయం అక్కడే. కోవిడ్ టీకాతో ప్రపంచానికి తెలిసిన బయోఎన్‌టెక్ కూడా ఆ ఊరిదే. 2021లో ఆ కంపెనీ పన్నుల వల్ల నగర బడ్జెట్టు లోటులోంచి భారీ మిగులులోకి వచ్చింది. ఊరి అప్పు తీర్చిన కంపెనీ గురించి ఊరి పత్రిక ఎలా రాస్తుంది, ఎంత గట్టిగా అడగగలుగుతుంది అన్నదొక్కటే యాత్ర మొత్తానికి సరిపడే ప్రశ్న. అక్కడికి దగ్గర్లోనే వూర్ట్స్‌బుర్గ్‌లో ముద్రణ యంత్రాలు చేసే కోనిగ్ అండ్ బావర్ 1817 నుంచి ఉంది. 1814లో లండన్ టైమ్స్‌ను అచ్చు వేసిన ఆవిరి ప్రెస్సు ఆ కంపెనీ వ్యవస్థాపకుడు ఫ్రీడ్రిక్ కోనిగ్ చేసిందే. ఇలా మీడియా, పరిశ్రమ ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్న నగరం ఏ దేశంలో అయినా దొరుకుతుంది. ముందు అలాంటి ఊరు వెతకండి, ఆ తర్వాతే విమానం టికెట్లు.

ప్రశ్న: పన్నెండు సంస్థలకు మెయిళ్లు పంపాం. రెండు చోట్ల నుంచే జవాబు వచ్చింది, అదీ "వెబ్‌సైట్ చూడండి" అని. ఎక్కడ తప్పుతోంది? (విభాగ సమన్వయకర్త)

జవాబు: మీరు పంపిన నమూనా మెయిల్‌లో మొదటి మూడు పేరాలూ మీ కళాశాల చరిత్రే. అవతలి మనిషికి కావలసింది ఐదు సంగతులు: ఎందరు వస్తారు, ఏ కోర్సు ఏ సంవత్సరం, ఏ తేదీల్లో, ఏ భాషలో మాట్లాడతారు, కచ్చితంగా ఏం చూడాలనుకుంటున్నారు. ఇవి మొదటి పది వాక్యాల్లో అయిపోవాలి. తేదీ ఒకటే ఇస్తే కుదరదనే జవాబు సులువు, మూడు ఇవ్వండి. "మీ సంస్థను సందర్శించాలని ఉంది" అంటే వాళ్లకు ఏ విభాగానికి పంపాలో తెలియదు. "జిల్లా వార్తలు చూసే డెస్క్‌లో సాయంత్రం పేజీల కేటాయింపు సమావేశం వినాలని ఉంది, పన్నెండు మంది చొప్పున రెండు జట్లుగా వస్తాం" అంటే ఆ ఉత్తరం నేరుగా ఆ డెస్క్‌కు వెళ్తుంది.

ఎనిమిది నుంచి పది వారాల ముందు రాయండి. పది రోజులకు జవాబు లేకపోతే ఒకసారి గుర్తుచేయండి, ఆ తర్వాత ఫోన్ చేయండి. పెద్ద సంస్థల్లో ప్రజాసంబంధాల విభాగం ఒక అరిగిపోయిన టూరు చూపిస్తుంది. స్టూడియో, పాత కెమెరా, ఫోటో, జ్ఞాపిక. అలాంటిది ఒకటి చాలు. చిన్న వారపత్రిక, కమ్యూనిటీ రేడియో, ఉచితంగా పంచే ప్రకటనల పత్రిక, కార్మిక సంఘం బులెటిన్ నడిపేవాళ్లు కూర్చోబెట్టి లెక్కల పుస్తకం తెరిచి మరీ చెబుతారు. అక్కడి విశ్వవిద్యాలయం జర్నలిజం విభాగాన్ని తోడు తీసుకుంటే సగం తలుపులు వాటంతట అవే తెరుచుకుంటాయి. బదులుగా మీ విద్యార్థులు వాళ్ల తరగతిలో ఒక గంట మాట్లాడతారని రాయండి, సంతోషిస్తారు.

నెల కూడా చూసుకోవాలి. ఉత్తర ఐరోపాలో జులైలో, దక్షిణాన ఆగస్టులో ఫ్యాక్టరీలు వేసవి సెలవులకు ఆగుతాయి. జపాన్‌లో ఏప్రిల్ చివర నుంచి మే మొదటి వారం దాకా గోల్డెన్ వీక్, ఆగస్టు మధ్యలో ఓబోన్ సెలవులు. అప్పుడు వెళ్తే ఆగిన యంత్రాలనూ ఖాళీ కుర్చీలనూ చూసి రావాలి. చైనా, కొరియా, వియత్నాంలకు చాంద్రమాన కొత్త సంవత్సరం దాటాకే. న్యూస్‌రూము చూడ్డానికి మాత్రం ఎన్నికలకు మూడు వారాల ముందు మంచి కాలం. ఎన్నికల రోజు మాత్రం వద్దు, ఎవరూ మీ వైపు తిరిగి చూడరు.

ప్రశ్న: బయల్దేరడానికి ఇంకా రెండు నెలలుంది. విద్యార్థులుగా మేం ఈలోగా ఏం చదవాలి? ఆ దేశం గురించిన పుస్తకాలా? (జర్నలిజం రెండో సంవత్సరం విద్యార్థి)

జవాబు: పుస్తకం కంటే ముందు ఆ ఊరి పత్రిక. వరుసగా ముప్పై రోజులు డిజిటల్ ఎడిషన్ తెరిచి, పంచుకుని చదవండి. భాష రాకపోతే అనువాద సాఫ్ట్‌వేర్‌తో అయినా సరే. చదవడం అంటే ముఖ్యవార్తలు కాదు. ఒక పట్టిక గీసుకుని లెక్కపెట్టండి. మొత్తం పేజీలెన్ని, అందులో ప్రకటనలు ఎంత భాగం, అవి ఎవరివి (సూపర్‌మార్కెట్లా, కార్ల డీలర్లా, ప్రభుత్వ నోటీసులా), మరణ ప్రకటనలు ఎన్ని, ఊరి క్రీడా క్లబ్బుల ఫలితాలు ఎన్ని, ఏజెన్సీ నుంచి తెచ్చుకున్న వార్తలు ఎన్ని, సొంత విలేకరి రాసినవి ఎన్ని. నెల తిరిగేసరికి ఆ ఊళ్లో ఎవరు చనిపోతే ఎవరు పట్టించుకుంటారో, ఏ కంపెనీ మాట ఎక్కువ వినిపిస్తుందో తెలిసిపోతుంది.

మరణ ప్రకటనల పేజీని తేలిగ్గా తీసుకోకండి. చాలా దేశాల్లో స్థానిక పత్రికకు అదొక ముఖ్యమైన ఆదాయం, పెద్దవయసు పాఠకులు ముందు తెరిచే పేజీ కూడా. పత్రిక ఆన్‌లైన్‌కు మారాక ఆ పేజీ ఏమైందని అడిగితే, వ్యాపార విభాగం మేనేజరు మీ వైపు కుర్చీ జరుపుకుని కూర్చుంటారు.

దాంతోపాటు చట్టాల చరిత్ర కొంచెం. పత్రికా స్వేచ్ఛకు ప్రపంచంలో తొలి చట్టం స్వీడన్‌ది, 1766. ప్రభుత్వ కాగితాలు పౌరులెవరైనా చూడొచ్చన్న హక్కు అందులోనే ఉంది. అక్కడి విలేకరి పొద్దున్నే మునిసిపల్ ఆఫీసుకు వచ్చిన ఉత్తరాల జాబితా తిరగేస్తాడంటే ఆశ్చర్యపోకుండా, ఆ జాబితా ఎలా చదువుతారో చూపించమని అడగాలి. జపాన్‌లో ప్రభుత్వ శాఖల్లో, పెద్ద సంస్థల్లో విలేకరులకు కిషా క్లబ్బులుంటాయి. అక్కడ సభ్యత్వం ఎవరికి, బయటివాళ్లకు ఏం దక్కదు అన్నది ముందే చదివి వెళ్తేనే ప్రశ్న అడగ్గలరు.

ప్రశ్న: వీసా ఏ రకం తీసుకోవాలి? మేం అక్కడ వీడియో కథనాలు తీసి మా క్యాంపస్ చానెల్‌లో పెట్టాలనుకుంటున్నాం. కెమెరాలు తీసుకెళ్తే కస్టమ్స్‌లో ఇబ్బందా? (చాలామంది అడిగారు)

జవాబు: మొదట వీసా. చూడ్డం, నేర్చుకోవడం వేరు. ప్రసారం కోసం వార్తలు సేకరించడం వేరు. కొన్ని దేశాలు రెండోదాన్ని మీడియా పనిగా లెక్కిస్తాయి. అమెరికాలో దానికి 'ఐ' వీసా అని ప్రత్యేక తరగతే ఉంది. కాబట్టి తరగతి అభ్యాసానికి తీస్తున్నామా, ప్రచురిస్తామా అన్నది ముందే తేల్చుకుని, దరఖాస్తుకు జతచేసే లేఖలో ఉన్నది ఉన్నట్టు రాయండి. విమానాశ్రయంలో ఒక విద్యార్థి "టూరిజం" అని, మరొకరు "షూటింగ్" అని చెబితే బృందమంతా పక్కన నిలబడాలి.

ఐరోపాలో ఒకే వీసాతో తిరగగలిగే షెంగెన్ దేశాలకైతే ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు, పదిహేను రోజుల లోపు పనికిరాదు. పరిశీలనకు మామూలుగా పదిహేను రోజులు, కొన్నిసార్లు నలభై ఐదు దాకా పడుతుంది. వైద్య బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. పాస్‌పోర్టు గత పదేళ్లలో ఇచ్చినదై, తిరిగొచ్చే తేదీ తర్వాత ఇంకా మూడు నెలలు చెల్లాలి, రెండు ఖాళీ పేజీలుండాలి. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటే ఆ దేశపు కాన్సులేట్‌లో దరఖాస్తు చేయాలి. రోజులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశం. తరచూ జరిగే పొరపాటు ఏంటంటే, వీసా త్వరగా ఇస్తారని ఒక దేశంలో దరఖాస్తు చేసి, హోటల్ బుకింగులు మరో దేశంలో ఎక్కువ చూపడం.

ఇక పరికరాలు. ఫోన్లు, చిన్న కెమెరాలు సొంత వాడకం కిందకు వస్తాయి. పెద్ద కెమెరాలు, లైట్లు, లెన్సులు పట్టుకెళ్తే ఏటీఏ కార్నెట్ తీసుకోవడం మేలు. సుంకం కట్టకుండా తాత్కాలికంగా తీసుకెళ్లి తిరిగి తెచ్చుకునే పత్రం అది, ఏడాది చెల్లుతుంది. ప్రతి వస్తువు సీరియల్ నంబరుతో జాబితాలో ఉండాలి. బయల్దేరేటప్పుడు, అక్కడ దిగినప్పుడు, అక్కడ ఎక్కేటప్పుడు, ఇంటికి చేరినప్పుడు నాలుగు చోట్లా ముద్ర వేయించాలి. తిరుగు విమానం హడావిడిలో మూడో ముద్ర మరచిపోతారు. వస్తువు ఆ దేశంలోనే అమ్మేశారన్న అనుమానంతో నెలల తర్వాత సుంకం నోటీసు వస్తుంది.

లిథియం బ్యాటరీల లెక్క ప్రతి విద్యార్థికీ తెలిసి ఉండాలి. వోల్టులను యాంపియర్-అవర్లతో గుణిస్తే వాట్-అవర్లు. 3.7 వోల్టుల 20,000 ఎంఏహెచ్ (అంటే 20 యాంపియర్-అవర్లు) పవర్‌బ్యాంకు 74 వాట్-అవర్లు. 100 వరకు మామూలుగా అనుమతిస్తారు, 100 నుంచి 160 వరకు ఎయిర్‌లైన్స్ అనుమతితో మనిషికి రెండు, ఆ పైన వద్దు. విడి బ్యాటరీలు, పవర్‌బ్యాంకులు చేతి సంచీలోనే ఉండాలి. చెక్-ఇన్ పెట్టెలో పెడితే పెట్టె తెరిచి తీసేస్తారు, ఒక్కోసారి పెట్టె కూడా ఆగిపోతుంది.

వీడియో తీసేవాళ్లకు ఇంకో మాట. కరెంటు 50 హెర్ట్జ్ ఉన్న దేశంలో ట్యూబులైట్ల కింద కెమెరా షట్టర్ వేగం సెకనులో 1/50 గానీ 1/100 గానీ, 60 హెర్ట్జ్ దేశంలో 1/60 గానీ 1/120 గానీ పెట్టండి. లేదంటే ఫ్యాక్టరీ లోపలి దృశ్యాల్లో చారలు పాకుతాయి. జపాన్‌లో టోక్యో వైపు 50, ఒసాకా వైపు 60. ఒకే యాత్రలో రెండు ఊళ్లూ ఉంటే రైలు దిగగానే సెట్టింగు మార్చాలి. వైర్‌లెస్ మైకుల తరంగ శ్రేణి దేశానికో రకం కాబట్టి, తీగ ఉన్న కాలర్ మైకు ఒకటి ప్రతి జట్టు దగ్గరా ఉండనివ్వండి.

ప్రశ్న: పత్రిక ముద్రణాలయం చూశాం. నిజం చెప్పాలంటే ఏమీ అర్థం కాలేదు. యంత్రం ఆగి ఉంది, గైడు ఏదో చెప్పారు. ఏం చూడాలి అసలు? (గతేడాది యాత్రకు వెళ్లిన విద్యార్థిని)

జవాబు: మీరు వెళ్లిన వేళ తప్పు. దినపత్రిక ప్రెస్సు పగలు నిద్రపోతుంది. మొదటి ఎడిషన్ ఎన్నింటికి నడుస్తుందో అడిగి, దానికి అరగంట ముందు చేరాలి. అది రాత్రి పది కావచ్చు, పన్నెండు కావచ్చు. మర్నాడు పొద్దున సందర్శన పెట్టుకోకండి.

లోపల చూడాల్సినవి వరుసగా చెబుతాం. డెస్క్ పేజీ వదిలాక అది అల్యూమినియం ప్లేటుగా మారే గది. రంగుల పేజీ ఒక్కోదానికి సయాన్, మెజెంటా, పసుపు, నలుపు అని నాలుగు ప్లేట్లు. పేజీకొక ప్లేటు లెక్కన పదహారు రంగు పేజీలకు అరవై నాలుగు. ఆఖరి నిమిషంలో ఒక అక్షరం మార్చాలంటే నలుపు ప్లేటు ఒక్కటే మారుస్తారు. ఫోటో మారిస్తే నాలుగూ మార్చాలి. రాత్రి పన్నెండుకు ఎడిటర్ ఫోటో మార్చమంటే ప్రెస్సు ఫోర్‌మన్ ఎందుకు మొహం చిట్లిస్తాడో ఇక్కడ అర్థమవుతుంది.

తర్వాత కాగితం. న్యూస్‌ప్రింట్ చదరపు మీటరుకు 40 నుంచి 49 గ్రాములు, ఎక్కువగా 45. మీటరున్నర వెడల్పుతో టన్ను బరువున్న రీలులో దాదాపు 15 కిలోమీటర్ల కాగితం ఉంటుంది. బరువును చదరపు మీటరు గ్రాములతో భాగించి, వెడల్పుతో మళ్లీ భాగించండి, లెక్క తేలుతుంది. యంత్రం ఆగకుండానే పాత రీలు చివరకు కొత్త రీలు అంటుకునే క్షణం కోసం కాచుకోండి. కళ్లు ఆర్పితే పోతుంది. కాగితం తెగితే మాత్రం యంత్రమంతా ఆగుతుంది, మళ్లీ ఎక్కించి నడిపేసరికి నిమిషాలు గడుస్తాయి, దూరపు ఊళ్ల వ్యాన్లు ఆలస్యమవుతాయి.

యంత్రం మొదలుకాగానే వచ్చే కాపీలు కొన్ని అడిగి తీసుకోండి. అంచుల్లో చిన్న గుర్తులుంటాయి. నాలుగు రంగులూ ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయా లేదా అని చూసేవి అవే. తొలి కాపీలు వందల కొద్దీ అవి కుదరక చెత్తలోకి పోతాయి. ఐదు నిమిషాల తర్వాతి కాపీతో పక్కపక్కన పెట్టి చూడండి. పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం ఒకటి జేబులో ఉంటే ఫోటోలోని చుక్కలు విడివిడిగా కనిపిస్తాయి. రోజుకు ఎంత కాగితం పారేస్తారు, ఎన్ని కాపీలు అమ్ముడుపోక వెనక్కి వస్తాయి అని తప్పక అడగండి. పత్రిక ఆర్థిక ఆరోగ్యం ఈ రెండు అంకెల్లో ఉంటుంది. చెవుల్లో దూది చాలదు, అక్కడ ఇచ్చే ఇయర్‌ప్లగ్గులు సరిగ్గా పెట్టుకోండి.

టీవీ కేంద్రానికి వెళ్లినా ఇదే సూత్రం. బులెటిన్ వేళ కంట్రోల్ రూములో పదిమందికి మించి పట్టరు, మాట్లాడనివ్వరు. అంతకు ముందటి నలభై నిమిషాలు డెస్క్ దగ్గర ఉండనివ్వమని అడగండి. ఆనాటి రన్‌డౌన్ కాగితం (బులెటిన్‌లో అంశాల వరుస జాబితా) ఒకటి తీసుకుని, ఏ అంశం పైకి పోయింది, ఏది కిందికి జారింది, ఏది ఎగిరిపోయింది అని గుర్తు పెట్టుకుంటూ పోతే ఎడిటర్ మనసు కాగితం మీద కనిపిస్తుంది.

ప్రశ్న: ఫ్యాక్టరీల్లో ఫోటోలు తీయనివ్వరు. ఫోన్లు కూడా గేటు దగ్గరే పెట్టించారు. మరి నివేదికకు ఏం తేవాలి?

జవాబు: కళ్లు, చేతి గడియారం, చిన్న నోటు పుస్తకం. ఫోటో లేనప్పుడే విద్యార్థి బాగా చూస్తాడని మా నమ్మకం. అసెంబ్లీ లైన్ దగ్గర ఒకే చోట నిలబడి, ఒక వస్తువు దాటాక తర్వాతది ఎన్ని సెకన్లకు వస్తుందో పదిసార్లు చూసి సగటు తీయండి. 60 సెకన్లకొకటి అయితే ఏడున్నర గంటల షిఫ్టులో 450. గైడు చెప్పిన రోజువారీ ఉత్పత్తితో పోల్చండి. తేడా వస్తే ఎందుకని అడగండి. లైన్ ఎక్కడ ఆగుతుంది, ఎవరికి ఆపే అధికారం ఉంది, ఆగితే ఏ దీపం వెలుగుతుంది... ఇవన్నీ ఫోటోలో రానివి.

మూసి ఉన్న బూట్లు తప్పనిసరి, చెప్పులతో వచ్చినవాళ్లను గేటు దగ్గరే ఆపేస్తారు. జుట్టు ముడి వేసుకోవాలి, వేలాడే స్కార్ఫులు, గొలుసులు వద్దు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ముందుగా చెప్పాలి, వెల్డింగ్ విభాగంలోకి రానివ్వరు. పాస్‌పోర్టులో ఉన్నట్టే పేర్ల జాబితా వారం ముందు పంపాలి. ఆఖరి నిమిషంలో ఒకరి బదులు ఇంకొకరు వస్తే లోపలికి పోనివ్వరు. రహస్యం పాటిస్తామన్న పత్రం మీద సంతకం అడిగితే చదివి పెట్టండి. నివేదిక ప్రచురించే ముందు వాళ్లకు చూపించాలన్న షరతు అందులో ఉందా అని అధ్యాపకులు చూసుకోవాలి.

మీడియా విద్యార్థులు ఫ్యాక్టరీలో అడగాల్సిన ప్రశ్న ఇంకోటి ఉంది: కమ్యూనికేషన్ విభాగంలో ఎందరు పనిచేస్తున్నారు? ఉద్యోగుల పత్రిక, వీడియో జట్టు, సోషల్ మీడియా, పత్రికా ప్రకటనలు అన్నీ కలిపి. తర్వాత ఊరి పత్రికకు వెళ్లి, ఆ ఫ్యాక్టరీ వార్తలు చూసే విలేకరులు ఎందరని అడగండి. ఫ్యాక్టరీ తరఫున రాసేవాళ్లెందరు, ఫ్యాక్టరీ గురించి రాసేవాళ్లెందరు అన్న ఆ రెండు అంకెలు పక్కపక్కన పెడితే నివేదికకు మొదటి పేరా దొరికినట్టే.

ప్రశ్న: ఎడిటర్లను కలిసినప్పుడు అందరూ ఒకేలా మాట్లాడుతున్నారు. "డిజిటల్ భవిష్యత్తు", "పాఠకుల నమ్మకం". లోతుకు వెళ్లేదెలా?

జవాబు: పెద్ద ప్రశ్నకు పెద్ద మాటలే వస్తాయి. "జర్నలిజం భవిష్యత్తు ఏమిటి?" అని అడిగితే ఏ ఎడిటర్ అయినా సభలో చెప్పేదే మళ్లీ చెబుతారు. నిన్నటి పత్రిక చేతిలో పట్టుకుని అడగండి. ఈ మూడో పేజీ వార్త ఎవరు తెచ్చారు? మొదటి పేజీలో ఆఖరికి మారింది ఏది? ఈ వార్తకు ఎవరు ఫోన్ చేసి అభ్యంతరం చెప్పారు? ఇందులో తప్పు దొర్లితే సవరణ ఎక్కడ వేస్తారు? గత ఏడాది మూసేసిన బ్యూరో ఏది, ఆ ఊరి వార్తలు ఇప్పుడు ఎవరు తెస్తున్నారు? నిన్నటి కాగితం మీద వేలు పెట్టి చూపిస్తే సాధారణ సూత్రాలతో తప్పించుకోవడం ఎవరికీ కుదరదు, చాలామందికి తప్పించుకోవాలనీ ఉండదు. పని గురించి అడిగితే ఉత్సాహంగా చెబుతారు.

ప్రశ్నలు ముందురోజు రాత్రి జట్టుగా పంచుకోండి, మనిషికి ఒకటి, దానికి ఒక అనుబంధ ప్రశ్న. అందరి తరఫునా ఒకే విద్యార్థి మాట్లాడే పద్ధతి మానేయండి. మాట మొదలుకాకముందే ఇది పేరుతో రాయొచ్చా, పేరు లేకుండా రాయొచ్చా, అసలు రాయకూడదా అని తేల్చుకోండి. కొన్ని చోట్ల చాటమ్ హౌస్ నియమం అంటారు. విన్నది వాడుకోవచ్చు, చెప్పిందెవరో, ఏ సంస్థవారో బయటపెట్టకూడదు. రికార్డు చేస్తే చెప్పి చేయండి. జర్మనీలో ఆంతరంగిక సంభాషణను చెప్పకుండా రికార్డు చేయడం శిక్షాస్మృతి కింద నేరం.

ప్రశ్న: దుబాసీని పెట్టుకోవాలా, ఫోన్ యాప్ చాలదా?

జవాబు: దారి అడగడానికి యాప్ చాలు. ఇంటర్వ్యూకు చాలదు. అంకెల దగ్గర, "కాదు", "లేదు" అన్న మాటల దగ్గర అవి బోల్తా పడతాయి, పడినట్టు తెలియదు కూడా. దుబాసీ ఉంటే గంట సమావేశంలో మీకు దక్కేది అరగంట, ఎందుకంటే ప్రతి మాటా రెండుసార్లు చెప్పాలి. ప్రశ్నల సంఖ్య సగానికి తగ్గించుకోండి. మూడు రోజుల ముందే పేర్లు, పదవులు, సాంకేతిక పదాల జాబితా పంపండి. అడిగేటప్పుడు దుబాసీ వైపు కాదు, అతిథి వైపు చూసి అడగాలి. ఒక్కోసారి రెండు వాక్యాలకు మించకూడదు. కంపెనీ ప్రజాసంబంధాల అధికారి దుబాసీగా ఉంటానంటే నమస్కారం పెట్టి వద్దనండి, కార్మికుడు రెండు నిమిషాలు చెప్పింది ఒక్క ముక్కలో "సంతృప్తిగా ఉన్నానంటున్నారు" అని తేలుతుంది.

ప్రశ్న: మా అమ్మాయి మొదటిసారి విదేశం వెళ్తోంది. భద్రత సంగతి? (ఒక తల్లి)

జవాబు: కళాశాలను మూడు అడగండమ్మా. పన్నెండు, పదిహేను మందికి ఒక అధ్యాపకుడు లేదా అధ్యాపకురాలు ఉన్నారా, బీమాలో ఆస్పత్రి ఖర్చుతోపాటు ఇంటికి తరలించే ఖర్చు ఉందా, రాత్రి ప్రెస్సు సందర్శనకు బృందం వాహనం ఉందా. పాస్‌పోర్టు, వీసా, బీమా కాగితాల నకళ్లు అమ్మాయి దగ్గర ఒకటి, మీ దగ్గర ఒకటి. మందులుంటే డాక్టరు చీటీతో అసలు ప్యాకెట్టులోనే పంపండి. ఐరోపా యూనియన్ దేశాల్లో అత్యవసర నంబరు 112. జపాన్‌లో పోలీసులకు 110, అంబులెన్సుకు 119. ఫోన్‌లో దాచి ఉంచమనండి.

ప్రశ్న: తిరిగి వచ్చాక అరవై పేజీల ఆల్బమ్‌లాంటి నివేదిక ఇస్తున్నారు పిల్లలు. దిద్దడానికి మనసొప్పడం లేదు. ఎలా రాయించాలి? (అధ్యాపకుడు)

జవాబు: నివేదిక తిరిగొచ్చాక మొదలైతే అంతే. ప్రతి రాత్రి నలభై నిమిషాలు రాసే వేళగా యాత్ర పట్టికలోనే అచ్చు వేయండి. విన్న అంకెలు, చెప్పినవారి పదవి, అర్థం కానిది ఏది, ఈ మూడూ ఆ రాత్రే కాగితం మీదకు రావాలి. మర్నాటికి రెండు ఫ్యాక్టరీలు కలిసిపోతాయి. ఆడియో ఫైళ్లకు తేదీ, ఊరు, సంస్థ వరుసలో పేరు పెట్టించండి. ప్రతి ఫైలు మూడు చోట్ల, రెండు రకాల నిల్వలో, ఒకటి ఆన్‌లైన్‌లో ఉండాలి.

ఆఖరి రచన ఇద్దరికి ఒకటి, పదిహేను వందల మాటలు, యాత్రకు ముందు ఎంచుకున్న ప్రశ్నకే జవాబు. సంస్థ చరిత్ర వెబ్‌సైట్ నుంచి ఎత్తి రాస్తే మార్కులు లేవని ముందే చెప్పండి. ముప్పై రోజుల పత్రిక పట్టిక, అక్కడ విన్న అంకెలు, కనీసం ఒక్క విరుద్ధమైన మాట ఉండాలి. ప్రకటనల మేనేజరు చెప్పిందీ విలేకరి చెప్పిందీ పొసగకపోతే ఆ పొసగకపోవడమే రాయమనండి.

కృతజ్ఞతా లేఖలు నలభై ఎనిమిది గంటల్లో వెళ్లాలి, ఒక్కో సంస్థకు విడిగా, అక్కడ తెలుసుకున్న ఒక నిర్దిష్ట సంగతి రాసి. అదే లేఖలో అనుమానం ఉన్న అంకెలు రెండు మూడు సరిచూడమని అడగొచ్చు, దాదాపు అందరూ చూసి పంపుతారు. మనుషుల ఫోటోలు క్యాంపస్ చానెల్‌లో పెట్టేముందు రాతపూర్వక అనుమతి తీసుకోండి. ఐరోపాలో వ్యక్తిగత సమాచార రక్షణ నిబంధన 2018 నుంచి అమల్లో ఉంది, అనుమతిని ఎప్పుడైనా వెనక్కి తీసుకునే హక్కు వాళ్లకుంది. అలా అడిగితే తీసేసే బాధ్యత ఎవరిదో పేరుతో సహా ముందే నిర్ణయించుకోండి. ప్రచురించిన రచన కాపీ, అక్కడి భాషలో ఒక పేజీ సారాంశంతో కలిపి పంపితే వచ్చే ఏడాది బృందానికి ఉత్తరం రాసే పని సగం తగ్గుతుంది.